సింగపూర్‌లో బడి పిల్లలతో ఒక రోజు: ఎలా తిప్పాలి, ఎలా లెక్కపెట్టుకోవాలి

వేసవి సెలవులు దగ్గరపడే కాలంలో నల్గొండ నుంచో, దేవరకొండ నుంచో, వనపర్తి నుంచో ఎవరో ఒక ఉపాధ్యాయుడు ఫోను చేసి దాదాపు ఇదే అడుగుతుంటారు: "సార్, మా పిల్లలను సింగపూర్ తీసుకువెళ్తున్నాం. ఊరు చూడటానికి ఒక్క రోజే ఉంది. ఎక్కడెక్కడికి తిప్పాలి?" ఫోనులో సగం చెప్పి సగం మరిచిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు మేం ఒక రోజుకు తొమ్మిది చోట్లు రాసుకున్నాం. తొమ్మిదీ చూశాం. తిరిగి వచ్చాక పిల్లలను అడిగితే బస్సు దిగడం, వరుసలో నిలబడటం, మళ్లీ బస్సు ఎక్కడం తప్ప ఎవరికీ ఏదీ సరిగా గుర్తు లేదు. తల్లిదండ్రులు కూడబెట్టిన డబ్బుతో వెళ్లిన పిల్లలు వాళ్లు. ఆ బాధ ఇప్పటికీ నాలో ఉంది. కాబట్టి నేను చెప్పేది ఇదే: చోట్లు తగ్గించండి, లెక్కపెట్టడం పెంచండి, బయలుదేరే ముందు హైదరాబాద్‌లో ఒకసారి సాధన చేయించండి.

వీసా, విమానం టికెట్ల గురించి ఇక్కడ రాయడం లేదు. ఇది ఊరు తిరిగే ఆ ఒక్క రోజు కోసమే. 36 మంది పిల్లలు, 6 మంది పెద్దలు అనుకుని లెక్కలు వేశాను. మీ సంఖ్యను బట్టి మార్చుకోండి.

కావలసినవి

- ముదురు రంగు టీషర్టులు, అందరికీ ఒకటే రంగు. నారింజ లేదా పసుపు మంచిది. తెలుపు వద్దు, గుంపులో కలిసిపోతుంది.
- ప్రతి పిల్లవాడి మెడలో ఒక కార్డు. దానిపై ఇంగ్లిషులో పేరు, జట్టు సంఖ్య, హోటల్ పేరు, చిరునామా, ఇద్దరు ఉపాధ్యాయుల ఫోను నంబర్లు. వెనకవైపు రక్తవర్గం, పడని మందులు.
- పెద్దలందరి ఫోనుల్లో అక్కడ పనిచేసే సిమ్. హోటల్ వైఫై మీద ఆధారపడకండి.
- తలా ఒక రైలు కార్డు, అదనంగా రెండు. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ఎవరి కార్డు వారే ఆనించాలి.
- పల్చని రెయిన్‌కోట్లు. గొడుగులు వద్దు. గొడుగు కింద ముఖం కనిపించదు, తలలు లెక్కపెట్టలేం.
- నీళ్ల సీసాలు. అక్కడ కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు, కొననక్కరలేదు.
- ఒక మందుల సంచి. వాంతులు, విరేచనాలు, జ్వరం, తలనొప్పికి కావలసినవి, డాక్టర్ చీటీతో సహా. ఆడపిల్లల కోసం ప్యాడ్లు ఒక మేడం దగ్గర తప్పక ఉండాలి.
- టిష్యూ పొట్లాలు, తడి తుడుపు కాగితాలు. చాలా చోట్ల మరుగుదొడ్లలో నీళ్ల గొట్టం ఉండదు. ఈ సంగతి పిల్లలకు ముందే విడమరిచి చెప్పండి. సిగ్గుపడి రోజంతా ఉగ్గబట్టుకుని కడుపు నొప్పి తెచ్చుకున్న పిల్లలను చూశాను.
- పాస్‌పోర్టుల నకళ్లు. అసలువి హోటల్ లాకర్‌లో ఉంచండి.

ఇంటి నుంచి తెచ్చుకునే తినుబండారాల గురించి ఒక హెచ్చరిక. సకినాలు, చెగోడీలు పర్వాలేదు. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం వద్దు, మాంసం తీసుకురానివ్వరు. గసగసాలు అక్కడ నిషిద్ధ వస్తువు. అవి కలిసిన మసాలా పొడులు కూడా వద్దు. అమ్మలు ప్రేమతో సర్దిన సంచిలో ఇలాంటివి ఉన్నాయేమో బయలుదేరే ముందు రోజే మీరు చూసుకోవాలి. 1992 నుంచి అక్కడ చూయింగ్ గమ్ దిగుమతి, అమ్మకం మీద నిషేధం ఉంది. జేబులు కూడా ఒకసారి వెతకండి.

1. ఒకే రైలు మార్గం మీద మూడు చోట్లు ఎంచుకోండి

సింగపూర్ మెట్రోను ఎంఆర్‌టీ అంటారు. అందులో నీలం రంగు గీత డౌన్‌టౌన్ మార్గం. మన పనికి అదొక్కటి చాలు. బొటానిక్ గార్డెన్స్ స్టేషన్‌లో ఎక్కితే మూడో స్టేషన్ లిటిల్ ఇండియా. అక్కడి నుంచి రోచోర్, బుగిస్, ప్రొమనాడ్ దాటితే నాలుగోది బేఫ్రంట్. రోజంతా ఎక్కడా రైలు మారనక్కరలేదు. పెద్ద గుంపు చీలిపోయేది రైలు మారే చోటే కాబట్టి ఈ ఒక్క వెసులుబాటు మిగతా జాగ్రత్తలన్నిటి కన్నా విలువైనది. హోటల్ కూడా ఈ మార్గానికి దగ్గరలో దొరికితే తీసుకోండి.

ఐదో తరగతి లోపు పిల్లలైతే రైలు వద్దు. రోజంతటికీ ఒక బస్సు మాట్లాడుకోండి. ఖర్చు ఎక్కువైనా అదే మేలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకు మాత్రం రైలే ఇవ్వండి. ఊరు ఎలా నడుస్తుందో బస్సు కిటికీలోంచి తెలియదు.

2. ఆరేసి మందితో జట్లు కట్టండి

ఆరుగురు పిల్లలు, ఒక పెద్ద. స్నేహితులందరినీ ఒకే జట్టులో వేయకండి, విడివిడిగా కూడా వేయకండి. ఇద్దరిద్దరు స్నేహితులు జంటగా ఉండేలా చూడండి. అల్లరి పిల్లవాడిని పెద్దల పక్కన నడిపించడం కన్నా, జట్టు చివర నడిచే బాధ్యత ఇవ్వడం నాకు బాగా పనిచేసింది. "నీ వెనక మనవాళ్లు ఎవరూ ఉండకూడదు" అని ఒక్క మాట చెబితే రోజంతా కళ్లు పెట్టుకుని చూశాడు.

3. లెక్కపెట్టడం నేర్పండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ప్రతి పిల్లవాడికీ 1 నుంచి 36 వరకు ఒక సంఖ్య ఇవ్వండి. "లెక్క!" అని మీరు అనగానే ఎవరి సంఖ్య వారు వరుసగా గట్టిగా పలకాలి. పిల్లలకు తెలుగులోనే నేర్పండి. చుట్టూ వేరే భాషలు వినిపిస్తున్నప్పుడు "పదిహేడు" అన్న మాట చెవికి ఇట్టే పట్టుబడుతుంది. మొదటి రోజు మూడు నిమిషాలు పడుతుంది. వారం రోజులు ప్రార్థన సమావేశం తర్వాత చేయిస్తే నిమిషం లోపే అయిపోతుంది.

ఎప్పుడెప్పుడు లెక్కపెట్టాలి? గేటు దాటే ముందు, దాటాక. రైలు ఎక్కే ముందు, దిగాక. మరుగుదొడ్డి విరామం తర్వాత. భోజనం బల్లల దగ్గర నుంచి లేచాక. ఒక రోజులో ఇరవై సార్లయినా అవుతుంది. విసుగనిపించినా మానకండి.

మామూలుగా జరిగే పొరపాట్లు ఇవి:

- నడుస్తూ లెక్కపెట్టడం. నడిచే గుంపులో ఒకరిని రెండుసార్లు లెక్కించి, తప్పిపోయిన ఒకరిని లేనట్టే మరిచిపోతాం. ఆగి, నిలబెట్టి లెక్కించండి.
- స్నేహితుడి సంఖ్య ఇంకొకరు పలకడం. "వాడు నీళ్లు పట్టుకోవడానికి వెళ్లాడు సార్, అందుకే నేను చెప్పాను" అంటారు. ఇది ఎంత ప్రమాదమో ముందే చెప్పి, సాధన రోజు ఒకరిద్దరిని కావాలని దాచిపెట్టి పరీక్షించండి. ఎవరైనా వాళ్ల బదులు పలికితే ఆ జట్టుకు మళ్లీ నేర్పాలి.
- మొత్తం సరిపోయిందని ఊరుకోవడం. 36 వచ్చినా, వేరే బడి పిల్లవాడు మన వరుసలో ఉండవచ్చు. జట్టు పెద్ద తన ఆరు ముఖాలనూ కళ్లతో చూడాలి.

4. హైదరాబాద్ మెట్రోలో ఒక రోజు సాధన చేయించండి

ఈ మెట్టు దాటవేయకండి. హైదరాబాద్ మెట్రో రైలుకూ, సింగపూర్ నీలం మార్గం రైలుకూ మూడేసి బోగీలే. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది అక్కడ అలాగే పనికొస్తుంది. నల్గొండ వైపు నుంచి వచ్చేవారు ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కండి. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు వారు ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ దగ్గర ఎక్కవచ్చు. అమీర్‌పేట దాకా వెళ్లి తిరిగి రండి.

సాధనలో చేయించాల్సినవి:

- ఎస్కలేటర్ ఎక్కడం, దిగడం. మన ఊళ్ల పిల్లల్లో చాలామందికి ఇదే మొదటిసారి అవుతుంది. చున్నీలు నడుముకు చుట్టుకోవాలి, చెప్పుల వారు పసుపు గీతకు దూరంగా నిలబడాలి. సింగపూర్‌లో ఎడమ పక్కన నిలబడి, నడిచేవారికి కుడి పక్క వదిలేస్తారు. ఇక్కడే అలవాటు చేయండి.
- ఒక్కో జట్టు ఒక్కో తలుపు దగ్గర నిలబడటం. అందరూ ఒకే తలుపు దగ్గర గుమికూడితే సగం మంది లోపల, సగం మంది బయట ఉండిపోతారు. దిగేవారు దిగాకే ఎక్కాలి.
- విడిపోతే ఏం చేయాలో. నియమం రెండు వాక్యాలే: రైలు వెళ్లిపోయి నువ్వు ప్లాట్‌ఫారం మీద మిగిలితే అక్కడే నిలబడు. నువ్వు ఎక్కి మిగతావారు ఎక్కకపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడు. వెతుక్కుంటూ ఎవరూ కదలకూడదు, పెద్దవాళ్లే వస్తారు.

ఈ నియమాన్ని మాటలతో వదిలేయకండి. ఒక జట్టును, తోడు ఒక పెద్దను పెట్టి, కావాలనే దిల్‌సుఖ్‌నగర్ లాంటి, మీ దారిలో ఉన్న ఒక స్టేషన్‌లో వదిలి వెళ్లండి. తర్వాతి రైల్లో వచ్చి కలుపుకోండి. మా పిల్లలు ఇద్దరు బుగిస్‌లో జనంతో పాటు పొరపాటున దిగిపోయారు. మేం తిరిగి వెళ్లేసరికి ఆ ఇద్దరూ దిగిన తలుపు ఎదురుగానే చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. భయపడ్డారు కానీ కదలలేదు. ఆ రోజు సాధన విలువ నాకు పూర్తిగా అర్థమైంది.

సాధన కుదిరిందో లేదో చూడటానికి ఒక పరీక్ష: తిరుగు ప్రయాణంలో మీరు ఏమీ చెప్పకుండా ఊరుకోండి. జట్లు తమంతట తామే తలుపుల దగ్గర సర్దుకుంటే సిద్ధమైనట్టే. లేకపోతే ఇంకో రోజు సాధన కావాలి.

5. ఉదయం తొందరపెట్టకండి

సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ ఆరున్నరకు లేపితే పిల్లల ఒంటికి అది తెల్లవారుజాము నాలుగు. నిద్ర చాలని పిల్లలు మధ్యాహ్నానికే వాడిపోతారు. ఎనిమిదిన్నరకు టిఫిను, తొమ్మిదిన్నరకు బయలుదేరండి. అప్పటికి ఉద్యోగుల రద్దీ కూడా తగ్గుతుంది. సాయంత్రం వైపు ఈ తేడా మనకు కలిసొస్తుంది. అక్కడ రాత్రి ఎనిమిదైనా పిల్లలకు ఇంకా ఐదున్నరే.

రైలు గేటు దాటే ముందే నీళ్లు తాగించండి. లోపల తినడం, తాగడం నిషేధం, జరిమానా 500 సింగపూర్ డాలర్ల వరకు ఉంటుంది. మంచినీళ్లకూ ఇదే నియమం.

6. మొదటి చోటు: బొటానిక్ గార్డెన్స్

1859లో మొదలైన తోట. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ప్రవేశం ఉచితం. స్టేషన్ బయటే బుకిత్ తిమా గేటు.

పిల్లలకు ఇక్కడ చెప్పాల్సిన కథ రబ్బరుది. 1888లో ఈ తోట బాధ్యత తీసుకున్న హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా బెరడు గీసి పాలు తీసే పద్ధతిని ఇక్కడే రూపొందించాడు. ఈత చెట్టును గీసి కల్లు తీయడం చూసిన మన పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. గీత లోతు ఎక్కువైతే చెట్టు ఏమవుతుందో వాళ్లే చెబుతారు. గీత కార్మికుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలుంటే వాళ్లనే మాట్లాడనివ్వండి.

పెద్ద పిల్లలైతే ఒక్కో జట్టుకు ఒక్కో సింగపూర్ ఐదు డాలర్ల నోటు ఇచ్చి, వెనకవైపు ఉన్న చెట్టును వెతకమనండి. ఆ టెంబుసు చెట్టు ఈ తోటలోనే, టాంగ్లిన్ గేటు వైపు కొసన ఉంది. నడక ఎక్కువే కాబట్టి చిన్నవాళ్లతో ప్రయత్నించకండి. వారికి బుకిత్ తిమా గేటు వైపున్న జేకబ్ బల్లాస్ పిల్లల తోట సరిపోతుంది. అది 14 ఏళ్ల లోపు వారి కోసం, పిల్లలు తోడుంటేనే పెద్దలను రానిస్తారు. పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టును చూసిన పాలమూరు పిల్లలు ఎక్కడికి వెళ్లినా చెట్టు చుట్టుకొలత పోల్చి చూస్తారు. పోల్చనివ్వండి, ఒక కొలత టేపు కూడా ఇవ్వండి.

ఉరుము వినిపిస్తే చెట్ల కింద ఆగకుండా వెంటనే కప్పు ఉన్న భవనంలోకి తీసుకువెళ్లండి. అక్కడ పిడుగుల వానలు తరచుగా వస్తాయి.

7. రెండో చోటు: లిటిల్ ఇండియాలో భోజనం

పన్నెండు దాటాక బయలుదేరండి. 42 మందికి ముందే చెప్పి పెట్టుకోని హోటల్‌లోకి వెళ్తే గంట నిలబడాలి. సెరంగూన్ రోడ్డులో శాకాహార భోజన హోటళ్లు చాలా ఉన్నాయి. వాటిలో కోమల విలాస్ 1947 నుంచి నడుస్తోంది. అన్నం, సాంబారు, పెరుగు దొరికేసరికి పిల్లల ముఖాలు మారిపోతాయి.

ఖర్చు తగ్గించుకోవాలంటే టెక్కా సెంటర్‌కు వెళ్లవచ్చు. అది కింద కూరగాయలు, చేపల బజారుతో పాటు వంట దుకాణాలుండే పెద్ద భవనం. అక్కడ మూడు సంగతులు తెలుసుకోండి. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఎవరో ఆ చోటు పట్టుకున్నట్టు అర్థం. తిన్నాక పళ్లెం మీరే తీసుకెళ్లి పెట్టాలి, ఇది మర్యాద మాత్రమే కాదు, నియమం. ఇక శాకాహారం కావాలంటే తమిళ దుకాణాల్లో "సైవం" అని అడగండి. చైనా వంటల దుకాణాల్లో కూరగాయల వేపుడులో కూడా ఆయిస్టర్ సాస్ (సముద్రపు గుల్లలతో చేసేది) పడుతుంది. పైన మాంసం కనిపించనంత మాత్రాన నమ్మకండి.

గుడి చూడాలని అందరూ అడుగుతారు. వీరమాకాళి అమ్మవారి గుడి, శ్రీనివాస పెరుమాళ్ గుడి రెండూ సెరంగూన్ రోడ్డు మీదే ఉన్నాయి కానీ, మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటాయి. ఈ సమయానికి గోపురం మాత్రమే చూడగలరు. దర్శనం తప్పనిసరి అనుకుంటే ఉదయం మొదట ఇక్కడికే వచ్చి, తోటను తగ్గించుకోండి. రెండూ కావాలని పరుగులు పెట్టవద్దు.

భోజనం తర్వాత ఎండ గంటలు క్యాంప్‌బెల్ లేన్‌లోని ఇండియన్ హెరిటేజ్ సెంటర్‌లో గడపండి. 2015లో తెరిచారు, లోపల చల్లగా ఉంటుంది. ఇక్కడికి మన దేశం నుంచి ఎవరు, ఏ పనుల కోసం వలస వచ్చారో వస్తువులతో చూపిస్తారు. పాలమూరు పిల్లలకు వలస అంటే పాఠం కాదు, ఇంట్లో మాట. మా పిల్లలు ఇక్కడ ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించి నడిచారు. సోమవారం మూసి ఉంటుంది. కాబట్టి రోజు ఎంచుకునేటప్పుడే చూసుకోండి.

8. మూడో చోటు: గార్డెన్స్ బై ద బే

నాలుగు లోపు రైలు ఎక్కితే సాయంత్రం రద్దీ తప్పుతుంది. బేఫ్రంట్‌లో దిగండి.

ఇక్కడ రెండు అద్దాల తోటలున్నాయి. డబ్బు ఒకదానికే సరిపోతే క్లౌడ్ ఫారెస్ట్ చూపించండి. లోపల 35 మీటర్ల జలపాతం ఉంది. టికెట్లు ముందే కొనండి. కొనేటప్పుడు స్థానికుల ధర, విదేశీయుల ధర వేరువేరుగా కనిపిస్తాయి. తక్కువగా ఉందని స్థానికుల టికెట్ కొంటే గేటు దగ్గర చెల్లదు. అద్దాల తోటలను అప్పుడప్పుడు మరమ్మతుల కోసం మూస్తారు, తేదీలు వారి వెబ్‌సైటులో ఉంటాయి. లోపల చలిగా ఉంటుంది. చెమటతో తడిసిన చొక్కాలతో పంపకండి, పది నిమిషాలు నీడలో ఆరనిచ్చి పంపండి.

బయట ఉన్న 18 సూపర్‌ట్రీలు ఉచితం. అవి ఉక్కు, మొక్కలతో నిర్మించిన చెట్లు, 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లని గుర్తుచేస్తే పిల్లలు ఆ ఎత్తును కళ్లతోనే కొలుచుకుంటారు. రాత్రి 7.45కు, మళ్లీ 8.45కు దీపాలు, సంగీతంతో ప్రదర్శన ఉంటుంది. మొదటిదానికే కూర్చోండి. ఆరున్నరకే చోటు చూసుకుని, ఏడుకు మరుగుదొడ్డి విరామం ముగించి, ఏడుంబావుకు లెక్కపెట్టి, ఆ తర్వాత ఎవరినీ లేవనివ్వకండి. చీకట్లో లెక్క కష్టం. దీపాలు ఆరగానే జనమంతా ఒక్కసారి స్టేషన్ వైపు కదులుతారు. మీరు పావుగంట కూర్చునే ఉండండి.

సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ బొమ్మ చూడలేదని ఎవరైనా బెంగపడితే, అది ఇక్కడి నుంచి హీలిక్స్ వంతెన మీదుగా మరీనా బే నీటి ఒడ్డు వెంట నడిచివెళ్లే దూరంలో ఉంది. పిల్లల కాళ్లలో సత్తువ ఉంటే క్లౌడ్ ఫారెస్ట్ మానేసి అటు వెళ్లండి. రెండూ పెట్టుకుంటే 7.45 ప్రదర్శన పోతుంది.

9. ఏదైనా తేడా వస్తే

పోలీసులకు 999, అంబులెన్సుకు 995. పిల్లవాడు కనిపించకపోతే ఇద్దరు పెద్దలు మాత్రమే వెతకాలి, మిగతా నలుగురూ మిగతా పిల్లలతో కదలకుండా ఉండాలి. స్టేషన్‌లో అయితే మొదట సిబ్బందికి చెప్పండి, వారి దగ్గర కెమెరాలు ఉంటాయి. పాస్‌పోర్టు పోతే పోలీసు ఫిర్యాదు చేసి, గ్రేంజ్ రోడ్డులోని భారత హైకమిషన్‌కు వెళ్లాలి.

10. హోటల్‌కు చేరాక

చివరి లెక్క హోటల్ వాకిట్లో కాదు, గదుల దగ్గర. ప్రతి జట్టు పెద్ద తన ఆరుగురూ గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం చూడాలి. తర్వాత తల్లిదండ్రుల వాట్సాప్ బృందంలో ఒక్క వాక్యం పెట్టండి: "36 మంది పిల్లలూ క్షేమంగా గదులకు చేరారు." ఫొటోలు రేపు పంపవచ్చు. ఇక్కడ తొమ్మిదిన్నర అయితే అక్కడ ఏడే. పొలం నుంచి వచ్చి ఫోను చేతిలో పెట్టుకుని ఎదురుచూస్తుంటారు.

రోజు బాగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఫొటోలు పనికిరావు. పడుకునే ముందు ప్రతి పిల్లవాడికీ ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఆ రోజు తిరిగిన నీలం గీతను స్టేషన్ల పేర్లతో గీయమనండి. ఎక్కువమంది మూడు చోట్లనూ సరైన వరుసలో పెట్టగలిగితే మీ ప్రణాళిక కుదిరింది. సగం మంది తికమకపడితే వచ్చేసారి ఒక చోటు తగ్గించండి. ఏదైనా, ఆ కాగితాలను జాగ్రత్తగా దాచి, తిరిగి వచ్చాక తరగతి గోడకు అంటించండి.